మనవల కేకలు విని తాతను వెతకడం

ఒడిశాలోని బరంపురంలో చదువుతున్న మా మేనల్లుడు మొన్న ఫోన్లో అడిగాడు: “మామయ్యా, ఛత్రపురం తీరం ఇసుక మీద రేడియేషన్ మీటరు పెడితే గట్టిగా టిక్‌టిక్‌మంటుందట. మరి అక్కడ యురేనియం గని ఎందుకు తవ్వరు?”

ప్రశ్న భలే నచ్చింది. ఆ ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అందులో మోగేది ఎక్కువగా థోరియమే. యురేనియం అర శాతం కూడా ఉండదు. అయితే నిజమైన యురేనియం గని దగ్గరైనా గామా కిరణాలను పట్టే మీటరు వినేది దాదాపుగా యురేనియం గొంతు కాదు, దాని వారసుల గొంతు.

యురేనియం మెల్లగా విరుగుతూ ఒకదాని తర్వాత ఒకటిగా వేరే మూలకాలుగా మారుతుంది. అవే దాని వారసులు. యురేనియం-238 సగానికి తగ్గడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది, దీన్నే అర్ధాయువు అంటారు. ఇంట్లో ఉలుకూపలుకూ లేకుండా కూర్చున్న తాత అనుకోండి. రేడియం, రేడాన్ దాటి తొమ్మిదో తరంలో పుట్టే బిస్మత్-214 వీధిలో కేకలు పెట్టే పిల్లవాడు. వాడి కేక, అంటే గామా కిరణం, 1.76 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర వినిపిస్తుంది. థోరియం వంశంలో అరిచే థాలియం-208ది 2.61 దగ్గర, ఈ రెండు వంశాలకూ చెందని పొటాషియం-40ది 1.46 దగ్గర. ఏ కేక ఏ ఇంటిదో చెప్పేది గామా స్పెక్ట్రోమీటర్. మామూలు మీటరుకు అందరి అల్లరీ ఒకటే. బడిలో అర్ధాయువు సూత్రం బట్టీ పట్టిస్తారు గానీ ఈ వంశవృక్షం చూపించరు, నాకు బాధ అక్కడే. యురేనియం చీకట్లో పచ్చగా వెలుగుతుందనే నమ్మకం అందుకే ఇంకా పోలేదు.

బరంపురం, ఛత్రపురం ఉన్న గంజాం జిల్లా వాళ్లకు తక్కినది సులువు. తాత ఊళ్లో, మనవలు వలస వెళ్లి సూరత్ మగ్గాల దగ్గర. అక్కడి కేకలు విని తాతను వెతికితే దొరుకుతాడా? రాళ్లలో వలస రెండు వైపులా ఉంటుంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం కరిగి వెళ్లిపోతుంది, రేడియం ఉండిపోతుంది. అప్పుడు తాత లేని ఇంట్లో పిల్లల గోల. ఆ నీరు ఆక్సిజన్ లేని చోటికి చేరితే యురేనియం మళ్లీ రాయిలో పేరుకుంటుంది. అక్కడ తాత ఉన్నాడు, మనవలింకా పుట్టలేదు. మీటరు మెదలదు. రేడాన్ వాయువు కాబట్టి పగుళ్లలోంచి జారుకుంటుంది కూడా. పది లక్షల ఏళ్లకు పైగా ఎవరూ కదలకపోతేనే కేకల లెక్క తాత లెక్కకు సరిపోతుంది.

అందుకే బోరులు వేసి, లోపలికి గామా కొలిచే ప్రోబ్ దింపాక కూడా, బయటికి తీసిన రాతి కడ్డీలను ల్యాబులో రసాయనికంగా పరీక్షిస్తారు. ఊహకు ఒక పొర తీసుకుందాం: కిలోమీటరు పొడవు, 500 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల మందం. అంటే 10 లక్షల ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2.7 టన్నుల చొప్పున 27 లక్షల టన్నుల రాయి. గామా లెక్క 0.04 శాతం అంటే 1,080 టన్నుల యురేనియం ఆక్సైడ్. కడప జిల్లా తుమ్మలపల్లె ఖనిజం ఇంచుమించు ఈ శాతానిదే. రసాయన పరీక్షలో 0.03 వచ్చిందంటే మిగిలేది 810 టన్నులు. తక్కిన 270 టన్నుల తాత ఏ కాలంలోనో నీళ్లతో వెళ్లిపోయాడు. మీటరు విన్నది ఆయన వదిలి వెళ్లిన రేడియం పిల్లల కేకలు.