రాజీనామా రాసిచ్చే ముందు: రెస్టారెంట్ ఉద్యోగుల అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో నా దగ్గరికి వచ్చిన నలుగురు రెస్టారెంట్ ఉద్యోగుల్లో ముగ్గురు అప్పటికే రాజీనామా పత్రం మీద సంతకం చేసి వచ్చారు. ఒకరు స్టీవార్డ్ (వడ్డించే ఉద్యోగి), ఒకరు తందూర్ మాస్టర్, మరొకరు క్యాష్ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి. ముగ్గురు చెప్పిందీ దాదాపు ఒకటే. కొత్త మేనేజరు వచ్చాడు, తన మనుషులను వెంట తెచ్చుకున్నాడు, పాతవారికి బ్రేక్ షిఫ్టులు (మధ్యలో విరామం ఇచ్చి రెండు ముక్కలుగా చేయించే డ్యూటీ) పడ్డాయి, టిప్పుల పంపకంలో వాటా తగ్గింది, చివరికి ఒక రాత్రి షట్టరు దించాక ఆఫీసు గదిలోకి పిలిచి కాగితం, పెన్ను ముందు పెట్టారు. హైదరాబాదులో కార్మికుల కేసులు వాదిస్తున్న ఈ 16 ఏళ్లలో ఇదే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందుకే మిగతా వాటికంటే ముందు దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: "మనంతట మనం రాజీనామా ఇస్తే మర్యాదగా బయటపడతాం. వాళ్లు తీసేస్తే రికార్డు పాడవుతుంది, పీఎఫ్ ఆగిపోతుంది."

వాస్తవం: యజమాని మిమ్మల్ని తొలగిస్తే ఎందుకు తొలగించాడో చూపించాల్సిన బాధ్యత ఆయనది. మీరు రాజీనామా రాసిస్తే, అది బలవంతంగా రాయించుకున్నదని నిరూపించే భారం మీ మీద పడుతుంది. ఆ గదిలో ఉన్నది మీరు, మేనేజరు, హెచ్‌ఆర్ మాత్రమే అయినప్పుడు మీ తరఫున సాక్ష్యం చెప్పేవారెవరు? తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తొలగించకూడదు. ఐదేళ్లు నిండినవారికి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. దుష్ప్రవర్తన పేరుతో తొలగించాలంటే విచారణ జరిపి సాక్ష్యం నమోదు చేయాలి. "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న ఒక్క వాక్యం కింద మీరు సంతకం పెడితే నోటీసు, విచారణ వంటి రక్షణలను మీ చేతులతో మీరే వదులుకున్నట్టు అవుతుంది.

పీఎఫ్ మీ యూఏఎన్ (మీ పేరిట ఉండే పీఎఫ్ ఖాతా నంబరు) కింద ఉన్న మీ సొమ్ము, దాన్ని ఆపే అధికారం యజమానికి లేదు. రావాల్సిన జీతం బకాయి కూడా, తొలగించినా రాజీనామా చేసినా, వేతనాల కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఆ రాత్రి మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పిన మాటలకు చట్టంలో ఆధారం లేదు.

ఏడేళ్ల క్రితం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక స్టీవార్డ్ కేసు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఒకే రెస్టారెంట్‌లో ఆరున్నరేళ్లు పనిచేశాడు. ఆయన లాగిన్‌తో రద్దయిన కేఓటీలు (వంటగదికి వెళ్లే ఆర్డరు చీటీలు) నాలుగు చూపించి, 1,860 రూపాయలు తినేశావని నింద వేశారు. ఆ నాలుగింటిలో ఒకటి ఆయన వీక్ ఆఫ్ రోజున రద్దయింది! పాస్‌వర్డ్ రాసిన చీటీ బిల్లింగ్ మెషిన్ కిందే అతికించి ఉండేదనీ, అందరూ అదే వాడేవారనీ ఆయన చెప్పాడు. విచారణ జరపమని అడిగి ఉంటే ఆ ఒక్క కేఓటీ చాలు, నింద నిలిచేది కాదు. కానీ కూతురి స్కూల్ ఫీజు కట్టాల్సిన నెల అది, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామన్నారు, వాళ్లు చెప్పినట్టే రాసిచ్చాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఐదు నెలలు గడిచాయి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి న్యాయవాది మూడే ప్రశ్నలు అడిగారు: ఈ చేతిరాత మీదేనా, ఈ సంతకం మీదేనా, ఐదు నెలల్లో ఎవరికైనా ఫిర్యాదు చేశారా? ఆయనకు గ్రాట్యుటీ ఇప్పించగలిగాను గానీ ఉద్యోగం ఇప్పించలేకపోయాను.

కాబట్టి ఎంత ఒత్తిడి చేసినా సంతకం పెట్టకండి. "ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబు ఇస్తాను" అని మాత్రమే చెప్పండి. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, మరునాడే ఆ రాజీనామా ఎలా రాయించుకున్నారో వివరిస్తూ, దాన్ని ఉపసంహరించుకుంటున్నానని యాజమాన్యానికి ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఆలస్యమైన ప్రతి రోజూ మీ మాటకు విలువ తగ్గిస్తుంది.

అపోహ: "రేపటి నుంచి రావద్దన్నారు, ఇక అంతే."

వాస్తవం: నోటిమాటతో పంపేసి, పది రోజుల తర్వాత "డ్యూటీకి రావడం మానేశాడు" అని రికార్డులో రాసుకోవడం ఈ రంగంలో పాత పద్ధతి. 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది సరిగ్గా ఇలాంటి వివాదమే. కార్మికుడు ఎనిమిది రోజులకు మించి గైర్హాజరయ్యాడని యాజమాన్యం అంటే, గేటు దగ్గరే ఆపేశారని కార్మికుడు అన్నాడు. విచారణ లేకుండా పేరు కొట్టేయడం సహజ న్యాయానికి విరుద్ధమని కోర్టు చెప్పి, ఉద్యోగంతోపాటు సగం పాత జీతం ఇప్పించింది. అందువల్ల రావద్దన్న మరునాడు కూడా మీ షిఫ్టు సమయానికి వెళ్లండి, రానివ్వకపోతే "డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు" అని మేనేజరుకు అక్కడి నుంచే మెసేజ్ పెట్టండి.

అపోహ: "అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, కేసు నిలవదు."

వాస్తవం: బ్యాంకులో పడిన జీతం, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన డ్యూటీ రోస్టర్, ఇవన్నీ సాక్ష్యాలే. ఆహారం తయారుచేసేవారికీ వడ్డించేవారికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలని ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. ఈ నెల వచ్చిన తందూర్ మాస్టర్ దగ్గర జీతం రసీదు ఒక్కటీ లేదు గానీ, పర్సులో నాలుగు మడతలు పెట్టి దాచుకున్న ఆ వైద్య సర్టిఫికెట్ మీద రెస్టారెంట్ పేరు, తేదీ స్పష్టంగా ఉన్నాయి.

కెప్టెన్, సూపర్‌వైజర్ అని పేరు పెట్టినంత మాత్రాన కార్మికుడి హక్కు పోదు, కోర్టు చూసేది ప్రధానంగా చేసే పనిని. ఊళ్లోని రెస్టారెంట్లన్నీ మీ పేరు బ్లాక్‌లిస్టులో పెట్టుకున్నాయన్న పుకారుకు ఇంతవరకు ఎవరూ నాకు ఒక్క కాగితం చూపించలేదు, దానికి భయపడి నిద్ర పాడుచేసుకోకండి.

మేనేజరు పక్షపాతం గురించి మీరు గంటసేపు చెప్పినా నేను వింటాను, ఆ అవమానం ఎంత బాధిస్తుందో నాకు తెలుసు. అయితే కార్మిక శాఖ అధికారి అడిగేది నోటీసు ఇచ్చారా, విచారణ జరిపారా, మీ వాదన విన్నారా అన్నదే. తొలగింపు మీద కేసు వేయడానికి పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో మూడేళ్లున్న గడువు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రెండేళ్లకు తగ్గింది కాబట్టి జాప్యం చేయకండి. ఫీజు కట్టలేనివారు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు కార్మికులకూ, మహిళలకూ 1987 నాటి న్యాయ సేవల చట్టమే ఇచ్చింది.

క్యాష్ కౌంటర్ అమ్మాయి సంతకం పెట్టిన రెండో రోజే వచ్చింది. రాజీనామాను ఉపసంహరించుకుంటున్నానన్న ఉత్తరం నా ఆఫీసులోనే కూర్చుని, చేతులు వణుకుతున్నా, తన మాటల్లో తనే రాసింది. సాయంత్రం స్పీడ్ పోస్టు చేశాం. అది శనివారం చేరినట్టు ట్రాకింగ్‌లో వచ్చింది. ఆ తేదీ ఇప్పుడు మా అర్జీ మొదటి పేజీలో ఉంది.