దారానికి లైసెన్స్ అక్కర్లేదు, వ్యాక్స్‌కు కావాలి: కాలిఫోర్నియా సెలూన్ యజమానుల అపోహలు – వాస్తవాలు

అపోహ: మాది థ్రెడింగ్ షాపు, లైసెన్సుల గొడవ మాకు లేదు.

వాస్తవం: సగమే నిజం. దారంతో వెంట్రుకలు తీయడాన్ని, ఆ పనిలో భాగంగా కనుబొమలను కాస్త కత్తిరించడాన్ని కాలిఫోర్నియా చట్టం లైసెన్స్ పరిధిలోంచి తప్పించింది. మరి దారానికి చిక్కని రెండు వెంట్రుకలను ట్వీజర్‌తో పీకితే? చట్టం లెక్కలో అది ఎస్తటీషియన్ (చర్మ సంరక్షణ, వెంట్రుకల తొలగింపు చేసే లైసెన్స్‌దారు) పని. పై పెదవికి వ్యాక్స్ పెట్టినా, ఫేషియల్ చేసినా అంతే. చేసే మనిషికి లైసెన్స్ ఉండాలి, షాపుకు విడిగా ఎస్టాబ్లిష్‌మెంట్ లైసెన్స్ ఉండాలి. మన షాపులు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటాయి. మెనూలోకి వ్యాక్సింగ్ వస్తుంది, చేసేది మాత్రం పాత థ్రెడింగ్ అమ్మాయే.

అపోహ: లైసెన్స్ జెరాక్స్ ఫైల్లో ఉంది, చాలు.

వాస్తవం: జెరాక్స్ తీశాక లైసెన్స్ గడువు దాటిపోయి ఉండొచ్చు. రాష్ట్ర కన్స్యూమర్ అఫైర్స్ శాఖ వెబ్‌సైట్‌లో లైసెన్స్ సెర్చ్ ఉచితం. నంబరు కొట్టి పేరు (ఫొటో ఐడీతో పోల్చి), లైసెన్స్ రకం, గడువు, స్టేటస్ చూడండి. 'డెలిన్క్వెంట్' (గడువు దాటినా రెన్యూ కాలేదు) అని కనిపిస్తే రెన్యూ అయ్యేదాకా పనిలోకి దించకండి. చాలామంది వదిలేసేది రకమే. మానిక్యూరిస్ట్ (గోళ్ల పని చేసేవారు) ఫేషియల్ చేయకూడదు, ఎస్తటీషియన్ జుట్టు కత్తిరించకూడదు. లేజర్ అయితే ఈ లైసెన్సుల్లో దేనికీ అందదు, అది వైద్య పరిధి. రెన్యువల్ రెండేళ్లకోసారి కాబట్టి ప్రతి ఒక్కరి గడువుకూ 60 రోజుల ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి, ఆ రోజు మళ్లీ సెర్చ్ చేయండి.

అపోహ: షాపులో ఒక కుర్చీని ఒకామెకు అద్దెకిచ్చాను, ఆమె లైసెన్స్ ఆమె చూసుకుంటుంది.

వాస్తవం: ఉద్యోగంలో పెట్టుకోవడాన్నే కాదు, షాపులో పని చేయనివ్వడాన్నీ చట్టం తప్పు పడుతుంది. సైటేషన్ (ఉల్లంఘన నోటీసు) ఆమెకూ వస్తుంది, మీకూ వస్తుంది.

అపోహ: హైదరాబాద్‌లో పదేళ్ల పార్లర్ అనుభవం, లేదా టెక్సాస్ లైసెన్స్ ఉంటే సరిపోతుంది.

వాస్తవం: రెండూ ఇక్కడ నేరుగా చెల్లవు. వేరే రాష్ట్రపు లైసెన్స్ ఉన్నవాళ్లు ఇక్కడ ఈ లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లైసెన్స్ చేతికొచ్చేదాకా ఆగాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎస్తటీషియన్ కోర్సు 600 గంటలు, ఆపైన పరీక్ష.

అపోహ: నడుస్తున్న షాపు కొన్నాం, గోడకు లైసెన్స్ ఉంది.

వాస్తవం: అది పాత యజమానిది. యజమాని మారినా, చోటు మారినా కొత్త దరఖాస్తే. షాపు తెరిచి ఉన్నంతసేపూ లైసెన్స్ ఉన్నవారు ఒకరు బాధ్యత చూడాలి. ఆమె భోజనానికి బయటికెళ్తే ఆ గంటకు రెండో మనిషి ఎవరో ముందే రాసిపెట్టుకోండి.