కొరియా వాళ్ల గుణింతం

కొరియన్ సీరియళ్లు చూసే ఇళ్లలో “ఒమ్మా” అన్న పిలుపు తరచూ వినిపిస్తుంది. అమ్మా అని అర్థం. రాతలో ఆ మాటకి రెండే అక్షరాలు. మొదటి అక్షరాన్ని దగ్గరగా చూడండి: ఎడమవైపు ఒక సున్నా, దాని పక్కన ఒక నిలువు గీత, ఆ గీతకి ఎడమ పక్కన అంటుకుని చిన్న అడ్డగీత, వీటన్నిటి కింద ఒక చదరం. మూడు ముక్కలూ ఒక గడిలో ఇమిడి “ఒమ్” అనే ఒక్క అక్షరమయ్యాయి. ఫోన్ లోపల, కంప్యూటర్ లోపల ఈ అక్షరానికి ఒక నంబరుంది: 50628.

కాగితం, పెన్సిలు ఉంటే ఈ నంబరుని మనమే లెక్కకట్టి తెచ్చుకోవచ్చు. నేను మొదటిసారి ఆ లెక్క వేసి సరిగ్గా ఇదే నంబరు వచ్చినప్పుడు, చిన్నప్పుడు పదమూడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పినంత సంతోషం కలిగింది.

లెక్కని బట్టల కొట్టు నుంచి మొదలుపెడదాం. 2 గజాల 1 అడుగు 5 అంగుళాల గుడ్డ ఉంది, మొత్తం ఎన్ని అంగుళాలు? గజానికి 3 అడుగులు కాబట్టి 2ని 3తో గుణించి 1 కలిపితే 7 అడుగులు. అడుగుకి 12 అంగుళాలు కాబట్టి 7ని 12తో గుణించి 5 కలిపితే 89. కొరియా అక్షరానిదీ ఇదే లెక్క. గజం బదులు మొదటి హల్లు, అడుగు బదులు అచ్చు, అంగుళం బదులు అడుగున వచ్చే హల్లు. కొలతలు మాత్రం వేరు. మొదట రాగలిగే హల్లులు 19, అచ్చులు 21, అడుగున రాగలిగేవి 27. అడుగున ఏమీ లేకపోవడం కూడా ఒక అవకాశమే కదా, దాన్నీ కలిపితే 28.

ఇప్పుడు “ఒమ్”. ముక్కల వరసలన్నీ సున్నా నుంచి లెక్కపెట్టాలి. అలా లెక్కపెడితే మొదటి హల్లుల్లో సున్నా ఆకారానిది 11వ స్థానం, అచ్చుల్లో మన గీతది 4, అడుగు హల్లుల్లో చదరానిది 16. 11ని 21తో గుణిస్తే 231, దానికి 4 కలిపితే 235. 235ని 28తో గుణిస్తే 6580, దానికి 16 కలిపితే 6596. ప్రపంచంలోని లిపుల అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్ అనే పట్టికలో కొరియా అక్షరాల వరస 44032 దగ్గర మొదలవుతుంది. రెండూ కూడితే 50628.

ఆ సున్నా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. గడిలో మొదట వస్తే దానికి శబ్దమే లేదు, అచ్చు ముందు ఖాళీని నింపడానికి కూర్చుంటుంది అంతే. అదే సున్నా గడి అడుగున వస్తే, మనం “గంగ” అనేటప్పుడు మధ్యలో పలికే అనునాసికం అవుతుంది. మన సున్నాకి, వాళ్ల సున్నాకి చుట్టరికం ఏమీ లేదు. అయినా “గంగ”లో సున్నా చుట్టేటప్పుడు నాకిప్పుడు అది గుర్తొస్తూనే ఉంటుంది.

19, 21, 28 గుణిస్తే 11172. రాయడానికి వీలున్న అక్షరాలన్నీ అవే. నోటితో ఎవరూ ఎన్నడూ పలకనివి కూడా వాటిలో బోలెడున్నాయి. వాటికీ వరసలో చోటుంది, నంబరుంది.

లెక్క ఇలా కుదిరింది కాబట్టి అక్షరాల మీద కూడికలు, తీసివేతలు చేయొచ్చు. వరసలో మొట్టమొదటిది “గా”, 44032. దానికి 1 కలిపితే అడుగున ఒక హల్లు చేరి “గాక్” అవుతుంది. 28 కలిపితే అచ్చు మారి “గే” వస్తుంది. 21ని 28తో గుణిస్తే వచ్చే 588 కలిపితే హల్లే మారిపోతుంది: ఒకసారి కలిపితే ఒత్తి పలికే “క్కా”, రెండోసారి కలిపితే “నా”. అంటే అంగుళం, అడుగు, గజం చొప్పున అక్షరాల మీద నడవొచ్చన్నమాట. లిపి పేరైన హన్‌గుల్‌లోని “గుల్” నంబరు 44544. దానికి 64 కలిపి చూడండి, 44608, “కిమ్” వస్తుంది. కిమ్చీలో కిమ్, కొరియాలో అడుగడుక్కీ వినిపించే ఇంటిపేరు కిమ్. ఆ 64 ఎక్కడిదంటే, అచ్చు రెండు స్థానాలు జరిగింది కాబట్టి రెండు 28లు 56, అడుగు హల్లు లకారం నుంచి మకారానికి 8 స్థానాలు జరిగింది కాబట్టి ఇంకో 8.

మనం బడిలో చదివిన “క కా కి కీ” పేరేమిటి? గుణింతం. గుణకారం అన్న మాట, గుణింతం అన్న మాట ఒకే ఇంటివి. హల్లుని అచ్చుతో గుణిస్తే అక్షరం వస్తుందని మన పెద్దవాళ్లు పేరులోనే చెప్పారు. కొరియా పిల్లలు కూడా “గా గ్యా గొ గ్యొ” అంటూ అదే పద్ధతిలో వల్లించేవాళ్లు. జపాన్ పాలన కింద ఉన్న రోజుల్లో, 1926లో, కొరియా వాళ్లు తమ లిపికి మొదటిసారి పండుగ చేసుకున్నప్పుడు దానికి పెట్టుకున్న పేరు “గాగ్యానల్”, అంటే గా-గ్యా రోజు. మనం “కకా రోజు” అన్నట్టే. రెండేళ్ల తరవాత అది హన్‌గుల్ రోజుగా మారింది. ఇప్పుడు దక్షిణ కొరియాలో అక్టోబర్ 9న జరుపుకుంటారు.

ఈ లెక్క కంప్యూటర్ల కాలంలో పుట్టింది కాదు, లిపి పుట్టినప్పుడే అందులో ఉంది. సెజొంగ్ రాజు 1443లో ఈ లిపిని తయారుచేసి 1446లో ప్రజలకిచ్చాడు. గకారం ఆకారం, నాలుక వెనక భాగం పైకి లేచి గొంతు దారి మూసే తీరుకి బొమ్మ. దానికి ఒక గీత కలిపితే ఊదిపలికే ఖకారం. మనం ద నుంచి ధ, ప నుంచి ఫ రాయడానికి కింద చిన్న గీత పెడతామే, అలాంటిదే. అచ్చులకి మూడే దినుసులు: ఆకాశానికి చుక్క, భూమికి అడ్డగీత, మనిషికి నిలువుగీత. అచ్చులకి ఈ మూడే మీటలుగా ఉన్న ఫోన్ కీబోర్డు కొరియాలో ఉంది. నిలువుగీత నొక్కి చుక్క నొక్కితే “ఆ”, ఇంకో చుక్క నొక్కితే “యా”. చుక్క ముందు నొక్కి గీత తరవాత నొక్కితే మాత్రం “ఒ” అవుతుంది. ఎటునుంచి కూడినా మొత్తం ఒకటే అన్న నియమం ఇక్కడ చెల్లదు.

ఇంత చక్కటి లెక్క ఉండి కూడా కంప్యూటర్లోకి రావడానికి అది చాలా అవస్థ పడింది. 1987 నాటి కొరియా ప్రమాణంలో ఎక్కువగా వాడే 2350 అక్షరాలకే నంబర్లిచ్చారు. ఏరి తీసిన జాబితా కాబట్టి మధ్యలో అన్నీ ఖాళీలే, ఇక సూత్రం ఎలా పనిచేస్తుంది? కొత్త మాటో, విదేశీ పేరో రాయబోతే అక్షరమే దొరకని పరిస్థితి. యూనికోడ్ తొలి రోజుల్లో ఆ సంఖ్య 6656కి పెరిగింది. చివరికి 1996లో, రెండో యూనికోడ్‌లో, పాత అక్షరాలన్నిటినీ లేపి 11172నీ వరసగా కొత్త చోట కూర్చోబెట్టారు. పాత నంబర్లతో రాసి దాచుకున్నది చెల్లకుండా పోయింది. ఒకసారి ఇచ్చిన నంబరు మళ్లీ మార్చకూడదని యూనికోడ్ వాళ్లు గట్టిగా నియమం పెట్టుకున్నది ఆ అనుభవం తరవాతే. నన్నడిగితే ఆ ఒక్క మార్పూ చేయడమే మంచిదయింది. ఏరిన జాబితాలో లేని పేరున్న మనిషి తన పేరు తాను టైపు చేసుకోలేకపోవడం కంటే పాత ఫైళ్లు మార్చుకోవడం చిన్న కష్టం.

తెలుగు అక్షరాలకి ఇలా నంబర్లిచ్చే వీల్లేదు, ఒత్తు కింద ఒత్తు చేర్చుకుంటూ పోవచ్చు కాబట్టి. “స్త్రీ” మనకి ఒక్క అక్షరం, యూనికోడ్‌కి ఆరు ముక్కలు. అవి కలిసి ఒక రూపం రావాలంటే తెర మీద బొమ్మ గీసే ప్రోగ్రామ్ ఆ ముక్కల్ని సరిగ్గా పేర్చాలి. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అక్షరాన్ని పేర్చలేక ఐఫోన్లలో యాప్‌లు మూతబడ్డాయి, ఆపిల్ కంపెనీ ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సివచ్చింది. అయితే మన లెక్క మనకీ ఉంది. హిందీ క నంబరు 2325, తెలుగు క 3093, కన్నడ క 3221. మన లిపుల్ని యూనికోడ్‌లోకి తెచ్చినప్పుడు ఇస్కీ అనే భారతీయ ప్రమాణంలో ఉన్న వరసనే తీసుకున్నారు. అందుకని హిందీ అక్షరానికి 768 కలిపితే తెలుగు అక్షరం, తెలుగు అక్షరానికి 128 కలిపితే కన్నడ అక్షరం, దాదాపు వర్ణమాల అంతటా వస్తాయి.

ఇక మిగిలింది వెనక్కి నడవడం. 54620 అనే నంబరు తీసుకోండి. 44032 తీసేస్తే 10588. దాన్ని 28తో భాగిస్తే 378, శేషం 4. 378ని 21తో భాగిస్తే 18, శేషం ఏమీ లేదు. 18వ హల్లు వరసలో చిట్టచివరిది, హకారం. సున్నా స్థానంలోని అచ్చు “ఆ”. అడుగున 4వది నకారం. కలిపి చదివితే “హన్”. దీని పక్కన ఇందాకటి 44544 పెట్టండి. 44032 తీసేస్తే 512, 28తో భాగిస్తే 18, శేషం 8. 18ని 21తో భాగిస్తే 0, శేషం 18. మొదటి హల్లు గకారం, అచ్చు పెదవులు గుండ్రంగా చుట్టకుండా పలికే ఉకారం, అడుగున లకారం. హన్, గుల్.