పెరటి తొట్టిలో నీళ్లు పోసే ముందు

చిరంజీవులు ఇద్దరికీ అమ్మమ్మ దీవెనలు.

కంటి శుక్లం ఆపరేషన్ కోసం నేను హైదరాబాదులో ఉండే ఈ మూడు వారాలూ మన రాజమహేంద్రవరం ఇంటి పెరట్లోని తొట్టి, అందులోని తొమ్మిది బంగారు చేపలూ మీ సంరక్షణలో ఉంటాయి. మేత సంగతి మీకు బాగా తెలుసు కనుక ఈ ఉత్తరం కేవలం నీళ్ల గురించి రాస్తున్నాను. మన తొట్టిలో చేప ఆకలితో చనిపోగా నేను ఎన్నడూ చూడలేదు కానీ, నీళ్లు పోసిన రోజున చనిపోగా కళ్లారా చూశాను.

అది మీరు పుట్టక ముందు సంగతి. మే నెల ఎండలకు తొట్టిలో నీళ్లు జానెడు పైగా దిగిపోతే, సాయంత్రం కుళాయికి రబ్బరు పైపు తగిలించి, దాని కొస తొట్టిలో పడేసి వంటింట్లోకి వెళ్లాను. అంతలో చుట్టాలు రావడంతో పైపు మాట పూర్తిగా మరచిపోయాను. దాదాపు రెండు గంటల తరువాత వచ్చి చూస్తే తొట్టి పొంగి పొర్లుతోంది, చేపలన్నీ ఒక మూలకు చేరి నీటి పైకి నోళ్లు పెట్టి గుటకలు వేస్తున్నాయి. తెల్లవారేసరికి ఏడింటిలో ఐదు చనిపోయాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని మొప్ప మీది రేకు ఎత్తి చూశాను. ముదురు ఎరుపులో ఉండవలసిన మొప్ప పాలిపోయి, గంజి పూసినట్టు జిగురుగా ఉంది. ఆ రోజు నాకు కలిగిన బాధ మీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

గోదావరి నీటిని శుద్ధి చేసి మన ఇళ్లకు పంపేటప్పుడు, దారిలో సూక్ష్మక్రిములు చేరినా చచ్చిపోయేలా అందులో కొంత క్లోరిన్ మిగిలి ఉండేటట్లు చూస్తారు. తాగునీటికి మన దేశంలో పాటించే ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం క్లోరిన్ కలిపిన నీళ్లు కుళాయి దగ్గరకు వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వరద రోజుల్లో నది ఎర్రబడినప్పుడు ఆ మోతాదు ఇంకా పెంచుతారు. అది మన మేలు కోసమే. ఆ నీళ్లు మన కడుపులోకి వెళ్తాయి, అక్కడ అంత కొద్దిపాటి క్లోరిన్ మనల్ని ఏమీ చేయదు. చేప విషయం అలా కాదు. దాని మొప్పల్లో నీటికీ నెత్తురుకూ మధ్య ఉండేది ఉల్లిపొర కన్నా పలుచని చర్మం. నీటిలోని ప్రాణవాయువు ఆ పొర గుండానే లోపలికి పోవాలి కనుక ఆ పొరను మందంగా చేసుకునే వీలు చేపకు లేదు. క్లోరిన్ ఆ పొరనే కాలుస్తుంది. మనం తాగడానికి పనికివచ్చే క్లోరిన్‌లో పదో వంతు కూడా చేపలకు హాని చేయగలదు.

కొత్త నీళ్లు తొట్టిలోని పాత నీళ్లతో కలిసి పలుచబడతాయి కదా అని మీరు అడగవచ్చు. పలుచబడతాయి, నిజమే. కానీ పైపు ధార పడే చోటికే బంగారు చేపలు ఒక్కోసారి ఈదుకుంటూ వచ్చి, ఇంకా ఏమీ కలవని ఆ నీటిలోనే నిలబడతాయి. నా చేపలు చేసిన పనీ అదే.

కాబట్టి కుళాయి నీళ్లను నేరుగా తొట్టిలోకి వదలకండి. వంటింటి గుమ్మం పక్కన ఉన్న 200 లీటర్ల నీలం డ్రమ్మును నింపి, పూర్తిగా ఒక పగలూ ఒక రాత్రీ నిలవ ఉంచండి. క్లోరిన్ వాయువు గనుక తెరిచి ఉంచిన నీటి నుండి మెల్లగా గాలిలోకి పోతుంది, ఎండ తగిలితే మరింత త్వరగా పోతుంది. మూత పెడితే పోయే దారి ఉండదు. అందుకని దోమలు గుడ్లు పెట్టకుండా పలుచని గుడ్డ మాత్రం కట్టండి. సాయంత్రం ఒకసారి చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి డ్రమ్ములోకే ఓ యాభై సార్లు పోయండి. ఆ చెంబు సబ్బు, ఫినాయిలు ఎరుగనిదై ఉండాలి.

నిలవ ఉంచిన నీటిలో క్లోరిన్ పోయిందో లేదో చూడడానికి నా అలమారలో క్లోరోస్కోపు ఉంది, మునిసిపాలిటీ వాళ్లు కుళాయిల దగ్గర పరీక్షించేది అలాంటిదే. గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ మందు మీ చేతికి తగలకూడదు కనుక చుక్కలు నాన్న చేతనే వేయించండి. తొందరపడవలసి వస్తే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు వాడవచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్నా 200 లీటర్లకు ఒకటిన్నర గ్రాము చాలు. అమెరికాలో మీ పిన్ని వాళ్లు పెరట్లో చేపలు పెంచుతామంటే మాత్రం ఈ నిలవ పద్ధతి చెప్పకండి. అక్కడ చాలా ఊళ్లలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్, అంటే క్లోరిన్ అమ్మోనియాతో కలిసి ఏర్పడేది, కలుపుతారు, అది ఒక్కరోజు నిలవ ఉంచితే పోదు. వాళ్లు చేపల దుకాణంలో అమ్మే, క్లోరమైన్‌కూ అమ్మోనియాకూ పనిచేసే మందే వాడుకోవాలి.

నీటి వేడి విషయంలో కూడా అంతే జాగ్రత్త కావాలి. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, ఆ నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది; 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఇమిడేది 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. డ్రమ్మును గుమ్మం పక్కన పెట్టడానికి కారణం ఇదే, అక్కడ పొద్దుటి ఎండ తగిలి పది గంటలకల్లా నీడ వస్తుంది. నీళ్లు పోయడానికి తెల్లవారుజామున ఆరు గంటల వేళను మించినది లేదు. అప్పటికి డ్రమ్మూ తొట్టీ రెండూ చల్లబడి ఉంటాయి. పైగా రాత్రంతా నాచూ చేపలూ పీల్చుకోవడం వల్ల తొట్టిలో ప్రాణవాయువు బాగా తగ్గి ఉండే వేళ అది, మీరు చెంబుతో పైనుంచి పోసే నీళ్లు గాలిని కూడా తీసుకువెళ్తాయి. రెండింటిలో థర్మామీటరు పెట్టి చూడండి, తేడా 2 డిగ్రీలు దాటితే ఆగండి.

మన తొట్టి 2 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, నీటి లోతు 60 సెంటీమీటర్లు, అంటే 1,800 లీటర్లు. ఎండకు రోజుకు 7 మిల్లీమీటర్లు తగ్గినా 21 లీటర్లు ఆవిరైనట్టు. రోజూ ఉదయం ఆ కొద్దీ పోస్తే చేపలకు మార్పు తెలియనే తెలియదు. అయితే ఆవిరయ్యేది నీరే గాని అందులోని ఉప్పులు కావు, అవి తొట్టిలోనే పేరుకుంటాయి. అందుకని ఆదివారం ఉదయం పది బక్కెట్ల పాత నీళ్లు తీసి మందార పాదుల్లో పోసి, అంత మేర నిలవ నీళ్లు నింపండి.

కుళాయి రాని రోజున బోరు నీళ్లు పట్టుకోవచ్చు. వాటిలో క్లోరిన్ ఉండదు కానీ భూమి అడుగున గాలి తగలక ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటాయి, కాబట్టి వాటినీ ఒక రోజు నిలవ ఉంచి చెంబుతో తిరగబోయాలి. ట్యాంకరు నీళ్లలో బ్లీచింగ్ పౌడరు ఎంత కలిపారో మనకు తెలియదు, క్లోరోస్కోపు చూడకుండా ముట్టుకోవద్దు. వాన వస్తే వెల్ల వేసిన ప్రహరీ గోడ మీద నుంచి సున్నపు నీళ్లు తొట్టిలోకి కారకుండా రేకు అడ్డం పెట్టండి.

ఇంత చేసినా ఎప్పుడైనా చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తూ, మొప్పలు గబగబా ఆడిస్తుంటే పోసేది వెంటనే ఆపి, గాలి పంపు వేసి, నాన్నను పిలవండి. కొత్త నీళ్లు క్లోరిన్ పోనివని అనుమానం ఉంటే హైపో వేయాలి. సగం తొట్టి ఖాళీ చేసి మళ్లీ కుళాయి నీళ్లు నింపాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి.

నేను బయలుదేరే ముందు డ్రమ్ము నింపి గుడ్డ కట్టాను. రేపు ఉదయం ఆరు గంటలకు అందులో నుంచి 20 లీటర్లు పోసి, నీటి మట్టం గోడ మీది పెన్సిలు గీతకు వచ్చిందో లేదో రాత్రికి ఫోనులో చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ