ఎంతమంది చస్తే జెనోసైడ్ అంటారు మేడమ్?

కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. తిరుపతిలో పద్నాలుగేళ్లుగా మానవ హక్కుల పాఠం చెబుతున్నాను, ఒక్క ఏడాదీ తప్పలేదు. తప్పు పిల్లలది కాదు. మన టీవీలకు పదిమంది పోయినా మారణహోమమే, నరమేధమే. ఆ మాటలు వింటే సంఖ్యే గుర్తొస్తుంది. జెనోసైడ్‌లో చూడాల్సింది ఉద్దేశం.

1948 నాటి ఐక్యరాజ్యసమితి జెనోసైడ్ ఒప్పందంలో రెండో అధికరణం చదవండి. గైడు కాదు, అసలుది. అరపేజీ కూడా ఉండదు. జాతీయత, తెగ, జాతి లేదా మతం ఆధారంగా ఏర్పడిన ఒక సమూహాన్ని పూర్తిగానో పాక్షికంగానో నిర్మూలించాలన్న ఉద్దేశం ఉండాలి. చంపడం అందులోని ఐదు చర్యల్లో ఒకటి మాత్రమే. అదే ఉద్దేశంతో పుట్టుకలను అడ్డుకున్నా, పిల్లలను బలవంతంగా వేరే సమూహానికి తరలించినా జెనోసైడే. రాజకీయ పక్షాలు ఆ జాబితాలో లేవు.

ఇది పట్టించుకోక పుంగనూరు వైపు అమ్మాయి ఒకామె ఆరు నెలలు పోగొట్టుకుంది. కంబోడియా మీద డిసర్టేషన్. 1975-79 మధ్య అక్కడి కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ పాలనలో చనిపోయిన సుమారు 17 లక్షల మందినీ జెనోసైడ్ బాధితులనే రాసుకుంటూ పోయింది. వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "2018 తీర్పు జెనోసైడ్ అన్నది ఎవరి విషయంలోనమ్మా?" ఖ్మేర్ రూజ్ నాయకులను విచారించిన ప్రత్యేక కోర్టు ఆ మాట అన్నది అక్కడి మైనారిటీలైన చామ్ ముస్లింలు, వియత్నామీయుల విషయంలో. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆ దేశపు మెజారిటీ జాతి ఖ్మేర్‌లే, వాళ్ల మీద జరిగినవి మానవత్వంపై నేరాల కింద తేలాయి. అంటే పౌరుల మీద పెద్దఎత్తునో పథకం ప్రకారమో జరిపే దాడులు, వీటికి సమూహాన్ని తుడిచేసే ఉద్దేశం ఉండాలనేం లేదు. అదే బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995లో చంపింది 8 వేల మందికి పైగా బోస్నియా ముస్లింలను, అది జెనోసైడ్. నిజానికి మొదటి డ్రాఫ్ట్‌లోనే నేను పట్టుకోవాల్సింది. పేపర్లు దిద్దే హడావుడిలో వదిలేశాను.

ఆ అమ్మాయి ఏడ్చింది మార్కుల కోసం కాదు. "అయితే వాళ్ల చావు చిన్నదా మేడమ్?" అని. కాదు తల్లీ. 2018లో జెనోసైడ్ దోషులుగా తేలిన ఇద్దరు ఖ్మేర్ రూజ్ నాయకులు నువాన్ చియా, ఖియూ సంఫాన్‌లకే అంతకుముందు 2014లో కేవలం మానవత్వంపై నేరాలకు యావజ్జీవం పడింది. పేరు మారింది, తీవ్రత తగ్గలేదు.

పిల్లలు అడిగే మిగతా ప్రశ్నలు గబగబా. ఎల్‌ఎల్‌బీ ఉంటేనే ఈ కోర్సు చదవాలా? అక్కర్లేదు. లెక్చరర్ ఉద్యోగాలకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో ఈ సబ్జెక్టు ఉందా? ఉంది, 'మానవ హక్కులు, విధులు'. ఇవి చదివితే పోలీసుల కన్ను పడుతుందట! మన దేశమే 1959లో ఆమోదించిన ఒప్పందం చదివితే ఎవరు పట్టుకెళ్తారు?

ఒక్క భయాన్ని మాత్రం కొట్టిపారేయను. పోయినసారి ఒక నాన్న చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చి కారిడార్‌లో నిలబడ్డాడు. "మా బిడ్డ రాత్రుళ్లు నిద్రపోవడంలేదంట మేడమ్, ఆ రువాండా చదివినప్పట్నుంచి." అందుకే సాక్ష్యాలు ఇంటికిచ్చి చదవమనను, పగటిపూట క్లాసులోనే అందరం కలిసి చదువుతాం. ఆయనకు నా సంగతీ చెప్పాను. 1994 రువాండా జెనోసైడ్ కేసులో అక్కడి మేయర్ అకయేసు మీద 1998లో వచ్చిన తీర్పులో ఆడవాళ్ల వాంగ్మూలాలు మొదటిసారి చదివిన సాయంత్రం కపిలతీర్థం మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చుండిపోయాను. ఇంటికొచ్చినా అన్నం సహించలేదు.

"మీకూ అంతేనా?" అన్నాడాయన. కాస్త తేరుకుని, బిడ్డని చూసిపోతానని హాస్టల్ వైపు నడిచాడు.