సూది గుచ్చకుండా కనిపించే సన్నని ధమనులు

మెదడుకు రక్తాన్ని చేర్చే పెద్ద ధమనుల్లో ఒకటైన మధ్య మస్తిష్క ధమని నుంచి, దాదాపు నిటారుగా పైకి, కొన్ని సన్నని కొమ్మలు చీలుతాయి. వాటిలో చాలావాటి వ్యాసం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కొన్నిటిది అందులో మూడో వంతే. వీటిలో ఒకటి మూసుకుపోతే ఆదుకోవడానికి పక్క కొమ్మలతో చెప్పుకోదగ్గ లంకె ఉండదు. అప్పుడు దెబ్బతినే చోటు సాధారణంగా 15 మిల్లీమీటర్లకు మించదు గానీ, చేతినీ కాలినీ నడిపించే నరాల కట్ట అక్కడి గుండానే పోతుంది కనుక, అంత చిన్న గాయానికే శరీరంలో ఒక పక్క చచ్చుబడవచ్చు.

1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాలను ఎక్స్-రేలో చూపించిన నాటి నుంచి, వాటిని స్పష్టంగా చూడాలంటే ఎక్స్-రేలో కనిపించే మందును ధమనిలోకి ఎక్కించవలసిందే అన్నది స్థిరపడింది. ఆ పద్ధతి నేటికీ ఎంతో విలువైనదే. అయితే ఆరోగ్యవంతులకు దాన్ని పదేపదే చేయడం న్యాయం కాదు.

ఎం.ఆర్.ఐ.లో రక్తమే ఆ మందు పని చేస్తుంది. వెంటవెంటనే పంపే రేడియో తరంగాల వల్ల కదలకుండా ఉన్న కణజాలంలోని హైడ్రోజన్ కేంద్రకాలు తేరుకునే వ్యవధి లేక మసకబారతాయి. ఆ తరంగాలు తగలని కొత్త రక్తం అప్పుడే లోపలికి ప్రవహించి తెల్లగా మెరుస్తుంది. చిక్కంతా కొలతలో ఉంది. స్కానర్ మెదడును చిన్న చిన్న ఘనాలుగా విభజించి చూస్తుంది. 0.6 మిల్లీమీటర్ల ఘనంలో 0.3 మిల్లీమీటర్ల ధమని ఐదో వంతు చోటే నింపుతుంది కాబట్టి, దాని వెలుగు చుట్టూ ఉన్న కణజాలపు చీకటిలో కలిసిపోతుంది. ఘనం భుజాన్ని సగానికి తగ్గిద్దామంటే అందే సంకేతం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దాన్ని కేవలం స్కాన్ పదేపదే చేసి పూడ్చుకోవాలంటే 64 రెట్ల సమయం కావాలి. అంతసేపు ఏ మనిషీ కదలకుండా పడుకోలేడు.

7 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) అయస్కాంతమున్న స్కానర్ ఆదుకునేది ఇక్కడే. ఆసుపత్రుల్లో వాడే 3 టెస్లా యంత్రంకన్నా సంకేతం రెట్టింపును మించి వస్తుంది. పైగా ఆ క్షేత్రంలో కణజాలం మరింత నెమ్మదిగా తేరుకోవడంతో నేపథ్యం ఇంకా చీకటవుతుంది. ఈ రెండో లాభమే నాకు ఎక్కువ అందంగా తోస్తుంది.

ఇబ్బందులూ లేకపోలేదు. సన్నని ధమనిలో రక్తం నెమ్మదిగా సాగుతూ దారిలోనే మెరుపు కోల్పోతుంది. ఊపిరితో తల అర మిల్లీమీటరు కదిలినా ఆ కొమ్మ చెదిరిపోతుంది. అందుకే కొన్ని ప్రయోగశాలల్లో కెమెరాతో తల కదలికను గమనిస్తూ, స్కాన్‌ను క్షణక్షణం సరిదిద్దుతారు.

అధిక రక్తపోటు ఉన్నవారిలో ఇలా కనిపించే కొమ్మల సంఖ్య తక్కువగా ఉంటుందని 7 టెస్లా చిత్రాలు చూపాయి. ఇప్పుడు అదే క్షేత్రంలో, ఒక్కో కొమ్మలో గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తవేగం ఎంత ఎగసిపడుతోందో కూడా కొలుస్తున్నారు.