రక్తకణంలో నోరు మెదపని వైరస్

ప్రియమైన పిల్లలకు,

ఆవులకు కూడా రక్త క్యాన్సర్ వస్తుందా అని అడిగారు కదా. వస్తుంది. అందులో ఒక రకానికి కారణం బొవైన్ లుకేమియా వైరస్. 1969లో అమెరికాలో జానిస్ మిల్లర్, ఆమె సహచరులు దీన్ని కనిపెట్టిన తీరు నాకు భలే ఇష్టం. జబ్బుపడిన ఆవుల రక్తంలోని తెల్లకణాలను ప్రయోగశాలలో పెంచాక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వైరస్ రేణువులు కనిపించాయి. ఆవు ఒంట్లో ఉన్నంతసేపూ అవే కణాలు ఏమీ ఎరగనట్టు ఉంటాయి! ఈ వైరస్ కథంతా ఆ మౌనంలోనే ఉంది.

ఇది ముఖ్యంగా పట్టుకునేది బి లింఫోసైట్లను. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవుల మీద ప్రతిరక్షకాలను తయారుచేసే తెల్లకణాలివి. అంటే దొంగ నేరుగా కాపలావాడి ఇంట్లోకే దూరాడన్నమాట. వైరస్ పైపొర మీది ప్రోటీను కణం పొర మీద ఉన్న మరో ప్రోటీనుకు అతుక్కుంటుంది. ఆ రెండోది నిజానికి కణానికి కావలసిన అమైనో ఆమ్లాలను లోపలికి చేరవేసేందుకు ఉన్నది. అతుక్కున్నాక రెండు పొరలూ కలిసిపోతాయి, వైరస్ సరుకు లోపల పడుతుంది.

ఆ సరుకు ఆర్ఎన్ఏ, అంటే వైరస్ జన్యువులు రాసి ఉన్న అణువు. మామూలుగా కణంలో డిఎన్ఏను చూసి ఆర్ఎన్ఏ తయారవుతుంది. ఇక్కడ అంతా తలకిందులు. వైరస్ తనతో తెచ్చుకున్న ఎంజైము ఆర్ఎన్ఏను చూసి డిఎన్ఏను తయారుచేస్తుంది. ఇలాంటి ఎంజైము ఉందని 1970లో హొవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా రుజువు చేశారు. 1975లో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. ఇంకో ఎంజైము ఆ డిఎన్ఏను ఆవు డిఎన్ఏలోనే అతికించేస్తుంది. ఇక దాన్ని పీకి పారేసే మార్గం లేదు. ఆవు బతికినంత కాలం అది ఉంటుంది.

తర్వాత ఏం జరుగుతుందని మీరనుకుంటారు? కణం నిండా వైరస్‌లు పుట్టి, కణం పగిలిపోతుందనా? అలా కాదు. వైరస్ ప్రోటీన్లను బయటపెట్టిన కణాన్ని ఆవు రోగనిరోధక వ్యవస్థ పసిగట్టి చంపేస్తుంది. కాబట్టి చివరికి మిగిలేవి నోరు మెదపని కణాలే. కణం విభజన చెందిన ప్రతిసారీ వైరస్ జన్యువులు కూడా పిల్లకణాలకు చేరతాయి. కొత్త కణాన్ని పట్టుకోవలసిన శ్రమ కూడా లేదు. ఒకే ఆవులో ఎన్నో కణాల డిఎన్ఏలో వైరస్ సరిగ్గా ఒకేచోట అతుక్కుని కనిపిస్తుంది. అవన్నీ ఒక్క కణం సంతానమని అలాగే తెలిసింది.

వైరస్ సోకిన పశువుల్లో ఎక్కువ భాగానికి పైకి ఏమీ కాదు. దాదాపు మూడింట ఒక వంతు పశువుల్లో లింఫోసైట్ల సంఖ్య పెరిగి, అలాగే ఉండిపోతుంది. కొద్దిపాటి పశువుల్లోనే, అదీ సాధారణంగా మూడేళ్లు దాటాక, కణితులు వస్తాయి. ట్యాక్స్ అనే వైరస్ ప్రోటీను కణం పెరుగుదలను అదుపు తప్పించడం, ఏళ్ల తరబడి విభజనల్లో డిఎన్ఏలో తప్పులు పోగుపడటం ఇందుకు కారణాలు. నన్నడిగితే క్యాన్సర్ వల్ల వైరస్‌కు లాభమేమీ లేదు. ఆవు చస్తే అదీ పోతుంది.

రక్తంలో విడి వైరస్ చాలా అరుదు కాబట్టి, ఇది మరో ఆవుకు సోకాలంటే వైరస్ ఉన్న కణమే అక్కడికి చేరాలి. అందుకు కంటికి ఆననంత రక్తం చాలు. మార్చకుండా వాడిన సూది, కడగకుండా వాడిన కొమ్ములు కోసే పనిముట్టు, జోరీగ కాటు, ఏదైనా సరే. మందు లేదు. రక్తపరీక్ష చేసి, సోకినవాటిని వేరుచేసి, మందనుంచి తొలగించే పద్ధతితోనే డెన్మార్క్, బ్రిటన్ వంటి దేశాలు దీన్ని వదిలించుకున్నాయి.

పాల సంగతి కూడా అడిగారు. పాశ్చరీకరణ వేడికి ఈ వైరస్ నశిస్తుంది. దూడల విషయంలో మాత్రం ముర్రుపాలది ఒక చిక్కు. వాటిలో వైరస్ ఉండవచ్చు, దాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలూ ఉంటాయి. తల్లి నుంచి వచ్చిన ఆ ప్రతిరక్షకాలు నెలల తరబడి దూడ రక్తంలో తిరుగుతుంటాయి. అందుకే ఆరు నెలలు నిండని దూడలో ప్రతిరక్షకాలు కనిపించినంత మాత్రాన దానికి వైరస్ సోకిందని పశువైద్యులు తేల్చి చెప్పరు.

మీ
తాతయ్య